వరుస ప్రయాణాల తరువాత తేరుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వారాల తరబడి విమానాలు, రైళ్లు, హోటల్ గదులు మారుతూ తిరిగి, చివరికి ఇల్లు చేరినవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ప్రయాణం ఉద్యోగం మీద చేసినదైనా, విహారానికి వెళ్లినదైనా, అయినవారి అవసరానికి పరుగెత్తినదైనా శరీరానికి పెద్ద తేడా తెలియదు. దీర్ఘవ్యాధులకు మందులు వాడుతున్నవారు, గర్భిణులు మాత్రం ఇక్కడ చదివినదాన్ని తమ వైద్యులతో సరిచూసుకున్న తరువాతే ఆచరించాలి.

ఇంటికి వచ్చి రెండు రోజులు కంటినిండా నిద్రపోయినా అలసట తీరలేదు. ఎందుకని?

మీరు అలసట అని ఒకే పేరుతో పిలుస్తున్నది నిజానికి నాలుగైదు అలసటల మూట. తెల్లవారుజామున బయలుదేరే విమానాల కోసం పోగొట్టుకున్న నిద్ర ఒకటి. టైమ్ జోన్లు దాటడం వల్ల జీవ గడియారం, అంటే నిద్రకూ మెలకువకూ వేళలు నిర్ణయించే శరీరంలోని ఏర్పాటు, గాడి తప్పడం రెండవది. గంటల కొద్దీ ఒకే తీరున కూర్చోవడం వల్ల పట్టేసిన నడుము, బరువెక్కిన కాళ్లు, వేళ తప్పిన భోజనాలతో మొరాయించే పొట్ట ఆ తరువాతివి. వీటన్నిటి వెనుక ఎవరూ లెక్కలోకి తీసుకోని అలసట మరొకటి ఉంది. అది ప్రతి చిన్న పనినీ ఆలోచించి చేయవలసి రావడం వల్ల కలిగేది. సొంత ఇంట్లో చీకట్లో లేచినా స్నానాల గది స్విచ్చు ఎక్కడుందో చేతికే తెలుసు. ప్రయాణంలో ఆ స్విచ్చు రోజుకొక గోడ మీద ఉంటుంది. వేడినీటి కుళాయి ఎటు తిప్పాలో, స్టేషనులో ఏ ద్వారం గుండా బయటపడాలో, పాస్‌పోర్టు ఏ జేబులో ఉందో పూటపూటా తేల్చుకుంటూనే ఉండాలి.

ఈ అలసటలన్నీ ఒకే వేగంతో తీరవు. నిద్ర బాకీ కొద్ది రాత్రుల్లో చాలావరకు తీరుతుంది. జీవ గడియారానికి వారం పైగా పట్టవచ్చు. పొట్ట తన తీరిక చూసుకుని దారికి వస్తుంది. అందువల్ల మూడవ రోజున నిద్ర బాగా పట్టి కూడా ఒళ్లు తేలికపడకపోతే కంగారుపడనక్కరలేదు. అయితే పగళ్లు కూడా పడుకుని గడిపితే మొదటి అలసట తీరుతుంది గానీ రెండవది ముదురుతుంది. రెండు రోజుల నిద్ర తరువాత చాలామంది ఇంకా డీలాగా ఉండటానికి కారణం సాధారణంగా ఇదే.

పూర్తిగా కోలుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది?

తూర్పు దిశగా ప్రయాణించి వచ్చినవారి జీవ గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున, పడమర దిశగా వచ్చినవారిది రోజుకు సుమారు గంటన్నర చొప్పున సర్దుకుంటుందని స్థూలంగా లెక్క వేస్తారు. ఆ లెక్కన 6 గంటల తేడా ఉన్న చోటి నుంచి తూర్పుగా ఇల్లు చేరినవారికి 6 రోజులు, పడమరగా చేరినవారికి 4 రోజులు పట్టవచ్చు. ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరం తిరిగినా గడియారంతో పేచీ ఉండదు. మిగిలిన అలసటలు మాత్రం తప్పవు. రెండు మూడు రోజుల్లోనే వెళ్లి వచ్చేసినవారి గడియారం అక్కడి వేళలకు పూర్తిగా మారకముందే వెనక్కి వస్తుంది కనుక వారు త్వరగానే తేరుకుంటారు.

ఒక నెలలో నాలుగైదు టైమ్ జోన్ల మధ్య అటూ ఇటూ తిరిగినవారికి పై లెక్క పనికిరాదు, ఎందుకంటే వారి గడియారం ఏ ఊరి సమయం దగ్గర నిలిచిపోయిందో వారికే తెలియదు. అటువంటివారు ఇల్లు చేరిన తరువాతి వారమంతా కొత్త పనులేవీ ఒప్పుకోకుండా ఖాళీగా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తూర్పు ప్రయాణం పడమర ప్రయాణం కన్నా ఎందుకు ఎక్కువ బాధిస్తుంది?

మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో, రెండు కంటి నాడులు కలిసి దాటే చోటుకు కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపు ఒకటి ఉంది. నిద్ర, ఆకలి, శరీర ఉష్ణోగ్రత, హార్మోన్ల హెచ్చుతగ్గులు దాని తాళానికే నడుస్తాయి. బయటి సూచనలేవీ లేకుండా వదిలేస్తే చాలామందిలో ఈ గడియారం 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుని ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి దానికి రోజును సాగదీయడం సులువు, కుదించడం కష్టం. పడమరకు వెళితే రోజు సాగుతుంది, తూర్పుకు వెళితే కుంచించుకుపోతుంది. రెండు గంటలు ఆలస్యంగా పడుకోమంటే ఎవరైనా పడుకోగలరు. రెండు గంటలు ముందే పడుకోమంటే మంచం మీద దొర్లడమే మిగులుతుంది.

ఇటువంటి గడియారం ప్రాణులలోనే ఉందన్న సంగతి ఒక మొక్క బయటపెట్టింది. 1729లో ద మెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి వంటి మొక్కను చీకట్లో ఉంచి చూస్తే, ఎండ సోకకపోయినా దాని ఆకులు పగటివేళకు విచ్చుకుని రాత్రివేళకు ముడుచుకుంటూనే ఉన్నాయి. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో వివరించినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మూడు వారాల ప్రయాణం తరువాత మధ్యాహ్నం సమావేశంలో కళ్లు మూతలు పడుతుంటే తమను తాము సోమరులని తిట్టుకునేవారికి ఈ చరిత్ర కొంత ఊరట.

వచ్చిన రోజు నుంచే ఉదయం ఎండలో నడవమంటారు. అది అందరికీ సరిపోతుందా?

సరిపోదు. తరచుగా వినిపించే ఈ సలహా కొందరి విషయంలో ఎదురుతిరుగుతుంది కూడా. మనిషి మామూలుగా నిద్రలేచే వేళకు రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. ఆ క్షణానికి తరువాత కంటిలో పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్ర త్వరగా వచ్చేలా చేస్తుంది; దానికి ముందు పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. రోజూ ఉదయం 7 గంటలకు లేచే అలవాటున్న వ్యక్తికి ఆ క్షణం సుమారు తెల్లవారుజామున నాలుగున్నర అనుకుందాం. ఆ వ్యక్తి 8 గంటల తేడాతో తూర్పుగా ప్రయాణించి ఇల్లు చేరితే, ఇంటి గడియారంలో ఆ క్షణం మధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తుంది. అతడు మొదటి రోజు ఉదయం 7 గంటలకే ఎండలోకి వెళితే, గడియారం రావలసిన దిక్కుకు కాక ఎదురు దిక్కుకు జరుగుతుంది. అతడు ఉదయం పూట కర్టెన్లు వేసుకుని నీడపట్టున, లేదా చలువ కళ్లద్దాలతో ఉండి, మధ్యాహ్నం ఒంటిగంట తరువాత బాగా వెలుతురులో తిరగడం మేలు. ఆ తరువాత ప్రతి రోజూ ఆ వేళను గంట చొప్పున ముందుకు తెచ్చుకోవచ్చు.

తేడా నాలుగైదు గంటల లోపే ఉంటే ఇంత లెక్క అవసరం లేదు. ఉదయం తొమ్మిది, పది గంటల నుంచి ఆరుబయట వెలుతురులో గడిపితే చాలు. పడమరగా వచ్చినవారికి సాయంత్రపు వెలుతురు మేలు చేస్తుంది కనుక వారు పొద్దు గుంకేదాకా బయట ఉండటం మంచిది. గదిలోని దీపాలు ఎంత వెలిగినా ఆరుబయటి పగటి వెలుతురుతో పోటీ పడలేవు. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుతురు గదిలోని వెలుతురు కన్నా చాలా ఎక్కువ.

ఇన్ని సలహాలు పాటించే ఓపిక లేదు. ఒక్కటే చేయమంటే ఏది చేయాలి?

నిద్రలేచే వేళను స్థిరపరచుకోండి. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చినా, మీ ఇంటి సమయానికి మీరు ఎంచుకున్న వేళకే లేవండి. పడుకునే వేళ మన చేతిలో ఉండదు, ఎందుకంటే నిద్రను రమ్మని ఆజ్ఞాపించలేము. లేచే వేళ మాత్రం మన చేతిలోనిది. మేతకు వదిలిన ఆవుకు కట్టుగొయ్య ఒక్కటి గట్టిగా పాతితే తాడు పొడవున ఎటు తిరిగినా తిరిగి అక్కడికే వచ్చినట్టు, ఆకలి, మగత, చురుకుదనం అన్నీ నాలుగైదు రోజుల్లో ఆ ఒక్క వేళ చుట్టూ సర్దుకోవడం మొదలుపెడతాయి. తూర్పుగా పెద్ద తేడాతో వచ్చినవారు మాత్రం లేచిన వెంటనే ఎండలోకి వెళ్లకుండా పైన చెప్పిన జాగ్రత్త తీసుకోవాలి. మిగిలిన రోజంతా ఎంత వదులుగా ఉన్నా ఫరవాలేదు.

పగటిపూట కునుకు తీయవచ్చా?

తీయవచ్చు, 20 నుంచి 30 నిమిషాలు, అదీ మధ్యాహ్నం మూడు గంటల లోపు. అంతకు మించితే గాఢనిద్రలోకి జారుకుని, లేచాక అరగంట సేపు ఎక్కడున్నామో తెలియని మత్తు ఆవరిస్తుంది. రాత్రి నిద్ర కూడా పాడవుతుంది. అలారం పెట్టిన ఫోను చేతికి అందేంత దగ్గర కాకుండా గది అవతలి మూల పెట్టుకోవాలి. వాహనం నడపవలసి ఉండి నిద్ర ముంచుకొస్తుంటే ఈ నియమాలన్నీ పక్కన పెట్టి పడుకోవడమే సరైనది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టడం లేదు. ఏం చేయాలి?

మొదట గడియారం చూడటం మానాలి. మూడు అయిందని తెలియగానే మెదడు తెల్లవారడానికి ఇంకా ఎన్ని గంటలుందో లెక్క మొదలుపెడుతుంది, ఆ లెక్కే నిద్రను తరిమేస్తుంది. సుమారు 20 నిమిషాలు గడిచినట్టు అనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఒక కుర్చీలో కూర్చుని, ఆసక్తి పుట్టించని పని ఏదైనా చేసుకోవాలి. కళ్లు బరువెక్కినప్పుడు తిరిగి పడుకోవాలి. ఫోను ఆ పనికి పనికిరాదు. దాని తెర వెలుతురు ఒక కారణమైతే, అందులో ఆసక్తి పుట్టించని వస్తువు ఒక్కటీ ఉండకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

ఐదు వారాల ప్రయాణం ముగించి వచ్చిన ఒక రాత్రి నేను మా ఇంట్లోనే నిద్రలేచి, కిటికీ కుడివైపు ఉండాలి కదా అనుకుంటూ గోడను తడిమాను. కుడివైపు కిటికీ ఉన్నది అంతకు రెండు రోజుల ముందు పడుకున్న గదిలో. అది మతిమరుపో జబ్బో కాదు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక పక్క భాగం రెండవ దానికన్నా తేలికగా నిద్రపోతూ కావలి కాస్తుందని, శబ్దాలకు త్వరగా స్పందిస్తుందని 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. వరుసగా పది కొత్త చోట్ల పడుకున్నవారు ఆ కావలివాడిని వరుసగా పది రాత్రులు మేల్కొలిపారని అర్థం. పడకగదిని వెళ్లేముందు ఎలా ఉండేదో అలాగే ఉంచుకోవడం, పాత దుప్పటినీ పాత దిండునే వాడటం ఈ దశలో ఉపకరిస్తాయి. గది మార్పులు, కొత్త పరుపులు తరువాత చూసుకోవచ్చు.

పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు పది నిమిషాల వేడినీటి స్నానం చేస్తే చర్మానికి రక్తప్రసారం పెరిగి, లోపలి వేడి బయటికి పోయి, శరీరం నిద్రకు అనువుగా చల్లబడుతుంది. స్నానం ముగించి నేరుగా మంచమెక్కితే అంత ఫలితం ఉండదు.

మెలటోనిన్ మాత్రలు వాడవచ్చా?

మెలటోనిన్ చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి స్రవించే హార్మోను. అది నిద్రమాత్ర వంటిది కాదు. రాత్రి అయిందని శరీరానికి కబురు పంపుతుంది. వేళ తప్పి వేసుకుంటే ఆ కబురు తప్పు వేళకు చేరి గడియారం ఇంకా గందరగోళంలో పడుతుంది. కొన్ని దేశాల్లో చీటీ లేకుండా దొరుకుతుంది, కొన్నిటిలో వైద్యుడు రాసివ్వాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, మూర్ఛవ్యాధి ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుణ్ని అడగకుండా దీని జోలికి పోరాదు.

కాఫీ, టీ, మద్యం సంగతి ఏమిటి?

కాఫీ, టీలలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం 5 గంటలకు తాగిన కప్పులో సగం రాత్రి 10 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుందన్న మాట. ఉదయం తాగండి, మధ్యాహ్నంతో ఆపేయండి. మద్యం త్వరగా నిద్రపుచ్చినా రెండవ జాములో లేపేస్తుంది కనుక తేరుకునే వారంలో దానిని మానుకోవడమే మంచిది.

కాళ్లు వాచాయి, ఒళ్లంతా నొప్పులు. ఎప్పటికి తగ్గుతాయి?

గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్క కండరాలు కదలవు. రక్తాన్ని పైకి తోసేది ఆ కండరాలే కనుక నీరు పాదాల దగ్గరే నిలుస్తుంది. రెండు పాదాలూ సమానంగా వాచి, నొప్పి లేకుండా ఉంటే రోజుకు రెండు మూడు సార్లు పావుగంట చొప్పున కాళ్లను గుండె ఎత్తు కన్నా పైకి పెట్టి పడుకోవడం, కొద్దికొద్దిగా నడవడం, చీలమండలను గుండ్రంగా తిప్పడం సరిపోతాయి. ఒకటి రెండు రోజుల్లో చెప్పులు మళ్లీ వదులవుతాయి. బ్యాగు ఎప్పుడూ ఒకే భుజానికి తగిలించుకున్నవారికి మెడ, భుజం నొప్పి ఇంకొన్ని రోజులు ఉంటుంది. గోరువెచ్చని కాపడం, మెల్లగా మెడ తిప్పడం తప్ప మొదటి వారంలో గట్టి మర్దనలు వద్దు.

ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం ఇంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు. లోతైన సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. 4 గంటలు, అంతకు మించి కదలకుండా సాగే ప్రయాణం ఈ ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని, అయినా అది దాదాపు 6,000 మందిలో ఒకరికే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. తక్కువ వ్యవధిలో చాలా ప్రయాణాలు చేసినవారికి ముప్పు ఎక్కువ. చివరి ప్రయాణం ముగిసిన తరువాత కూడా సుమారు 4 వారాల పాటు అది పూర్తిగా తొలగిపోదు. కాలి నొప్పి ఉన్నా లేకపోయినా ఆకస్మికంగా ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

పొట్ట గాడిన పడటం లేదు. ఏం తినాలి?

ఏం తినాలన్నదానికన్నా ఎప్పుడు తినాలన్నది ముందు చూసుకోవాలి. జీర్ణవ్యవస్థకు కూడా తనదైన గడియారం ఉంది. అది వెలుతురు కన్నా భోజన వేళలను ఎక్కువగా పట్టించుకుంటుంది. ఆకలి లేకపోయినా ఇంటి వేళకు కొద్దిగా తినడం, ఆకలేసినా అర్ధరాత్రి భోజనం చేయకపోవడం రెండూ ముఖ్యమే. మలబద్ధకం ఉంటే నీళ్లు, పీచు ఉన్న ఆహారం, నడక, ఉదయం పూట తొందరపడకుండా మరుగుదొడ్డికి కేటాయించే పది నిమిషాలు చాలావరకు సరిచేస్తాయి. ప్రయాణంలో ఆ పది నిమిషాలే దొరకవు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు వాడాలి. అది దొరకకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్ల చిన్న చెంచా. ఉప్పు కొలత మించనివ్వకూడదు. ప్రయాణికులకు వచ్చే విరేచనాలు ఎక్కువగా మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గిపోతాయి. రక్తం పడినా, గట్టి జ్వరం వచ్చినా, రెండు వారాలు దాటినా వైద్యుణ్ని కలవాలి.

ఓడ దిగి రెండు రోజులైనా నేల ఊగుతున్నట్టే ఉంది. ఇది ప్రమాదమా?

సాధారణంగా కాదు. ఊగే నేలకు అలవాటు పడిన మెదడు, నిలకడైన నేల మీదికి వచ్చాక కూడా కొంతసేపు ఆ ఊపును సరిదిద్దుతూనే ఉంటుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అప్పటిదాకా నిచ్చెనలు ఎక్కవద్దు, రాత్రి లేచినప్పుడు గోడ పట్టుకుని నడవండి. నెల దాటినా పోకపోతే చెవి, నరాల వైద్యులు చూడవలసిన విషయం.

చర్మం, కళ్లు, గొంతు పొడిబారిపోయాయి.

విమానం లోపలి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది, అందుకే ఇలా అవుతుంది. దాహానికి తగినన్ని నీళ్లు, చర్మానికి ఏదైనా నూనె లేదా లేపనం, కళ్లకు తేమనిచ్చే చుక్కల మందు. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు రెండు రోజులు కళ్లద్దాలతో గడపాలి. లీటర్ల కొద్దీ నీళ్లు బలవంతంగా తాగనక్కరలేదు.

పెట్టె ఎప్పుడు విప్పాలి?

వచ్చిన రోజు వద్దు, మూడవ రోజు దాటనివ్వవద్దు. ఒకసారి నా పెట్టె పదకొండు రోజులు పడకగది మూలనే పడి ఉంది. సగం తెరిచిన జిప్పు లోంచి ఒక చొక్కా చేయి బయటికి వేలాడుతూ ఉండేది. నేను ప్రతి ఉదయం పళ్లు తోముకునే బ్రష్షు కోసం ఆ పెట్టెలోకే చేయి పెట్టాను, సొంత ఇంట్లో బస చేసిన అతిథిలా. పన్నెండవ రోజు దానిని ఖాళీ చేసి అటక మీదికి ఎక్కించిన సాయంత్రం నాకు నిజంగా ఇల్లు చేరినట్టు అనిపించింది. దీని వెనుక ఏ శాస్త్రమూ లేకపోవచ్చు, కానీ తరచుగా ప్రయాణించేవారిని అడిగితే ఇంచుమించు ఇదే మాట చెబుతారు.

పెట్టెను మంచం మీద తెరవకూడదు. హోటళ్ల నుంచి నల్లులు పెట్టె కుట్లలో దాగి ఇంటికి రావచ్చు కనుక గచ్చు మీదే తెరిచి, కుట్లు, జేబులు టార్చి వెలుతురులో చూసి, తట్టుకోగల బట్టలన్నిటినీ 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. రసీదులు, టికెట్ ముక్కలు, విదేశీ నాణేలు ఒక కవరులో వేసి పక్కన పెట్టండి. వాటి లెక్క తేల్చడం ఆ రోజు పని కాదు.

ఫోనులో ఉన్న ప్రయాణాన్ని కూడా ఖాళీ చేయాలి. వెళ్లొచ్చిన మూడు నగరాల వాతావరణం, రెండు విమాన సంస్థల నోటిఫికేషన్లు, ఇక అక్కరలేని అలారాలు ఇంకా మోగుతూ ఉంటే మనసు బయలుదేరవలసిన మనిషిలాగే కూర్చుని ఉంటుంది.

వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి?

నడక మొదటి రోజు నుంచే. పరుగు, బరువులు ఎత్తడం వంటివి వరుసగా రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టిన తరువాత, మునుపటి మోతాదులో సగంతో. జ్వరం ఉంటే ఏదీ వద్దు.

శరీరం బాగానే ఉంది గానీ మనసు కుదురుగా లేదు. ఖాళీగా కూర్చుంటే అపరాధం చేసినట్టు ఉంది. ఎందుకు?

వారాల పాటు ప్రతి గంటకూ తరువాతి గంట ఏమిటో ముందే రాసి ఉంది: రైలు, సమావేశం, గది ఖాళీ చేయడం, మళ్లీ రైలు. ఆ పరుగుకు అలవాటైన మనసు, పరుగెత్తవలసింది ఏమీ లేనప్పుడు ఏదో మరచిపోయామన్న అనుమానంలో పడుతుంది. చాలామంది ఈ దశలోనే పొరపాటు చేస్తారు. ఆ అనుమానాన్ని పోగొట్టుకోవడానికి అటక సర్దడం, బంధువులందరినీ పిలవడం, మరో ప్రయాణానికి టికెట్లు వెతకడం మొదలుపెడతారు. దాని బదులు రోజుకు ఒకే ఒక్క పని పెట్టుకుని, దానిని కావాలని మెల్లగా చేయడం మేలు. కుండీలకు నీళ్లు పోయడమే ఆ రోజు పని అయితే ఆకుల మీది దుమ్ము కూడా ఒక్కొక్కటిగా తుడవండి. తొందరేమీ లేదని మనసును మాటలతో ఒప్పించడం కష్టం, చేతులు నెమ్మదిస్తే అదే నెమ్మదిస్తుంది.

శ్వాస కూడా అటువంటి పనిముట్టే. నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. ఐదు నిమిషాలు ఇలా చేస్తే గుండె వేగం తగ్గడం చాలామంది తమంతట తామే గమనించగలరు. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు 1920ల్లో ప్రచారంలోకి తెచ్చిన మరొక పద్ధతి ఉంది: పాదాలతో మొదలుపెట్టి ఒక్కొక్క కండరాన్ని ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, ఆ వదులును పది పదిహేను సెకన్లు గమనిస్తూ ముఖం దాకా రావడం. ప్రయాణంలో దవడ, భుజాలు ఎంతగా బిగుసుకుపోయాయో వాటిని వదిలినప్పుడే తెలుస్తుంది.

దిగులు, నిరాసక్తత, చిరాకు రెండు వారాలు దాటినా తగ్గకపోతే దానిని ప్రయాణపు అలసట ఖాతాలో వేయకుండా వైద్యునితో మాట్లాడాలి.

ఇంట్లోవాళ్లు నా కోసం ఎదురుచూశారు. నాకేమో ఒంటరిగా ఉండాలని ఉంది. ఎలా చెప్పాలి?

మీరు లేనన్ని రోజులూ ఇంటి బరువు మోసినవారు కూడా అలసి ఉంటారు. మీరు రాగానే ఆ బరువులో కొంత దిగుతుందని వారు, రాగానే విశ్రాంతి దొరుకుతుందని మీరు అనుకుంటారు. మొదటి రెండు రోజుల గొడవలు చాలావరకు అక్కడే పుడతాయి. ముభావంగా గదిలోకి వెళ్లి తలుపు వేసుకునే బదులు, రాకముందే ఒక మాట చెప్పడం మంచిది: మొదటి సాయంత్రం మీతోనే, మరుసటి ఉదయం కొన్ని గంటలు నన్ను వదిలేయండి, ఎల్లుండి నుంచి ఇంటి పనిలో నా వంతు నాది. గంటల లెక్కతో చెప్పిన మాట ఎవరినీ నొప్పించదు. విశేషాలన్నీ ఒకే రాత్రి చెప్పనక్కరలేదు, ఫోటోలన్నీ ఒకే రోజు చూపనక్కరలేదు.

పిల్లలు, పెద్దవారు వెంట ఉంటే?

పిల్లల గడియారమూ ఇంచుమించు ఇదే తీరున సర్దుకుంటుంది కానీ రాత్రి రెండింటికి ఆడుకోవడానికి తోడు కావాలంటారు. దీపాలు పెద్దవి వేయకుండా, ఆటలు మొదలుపెట్టకుండా, తక్కువ మాటలతో మసక వెలుతురులో కూర్చోబెట్టాలి. పెద్దవారికి రాత్రి అపరవేళల్లో లేచి పడిపోయే ప్రమాదం ఉంటుంది కనుక నడిచే దారిలో చిన్న దీపం వెలగనివ్వాలి, పెట్టెలు అడ్డు లేకుండా తీయాలి. మధుమేహానికి ఇన్సులిన్, మూర్ఛకు మాత్రలు వంటివి వేళ ప్రకారం వాడేవారు తిరిగి ఇంటి వేళలకు మారే తీరును బయలుదేరక ముందే వైద్యునితో రాయించుకోవాలి.

ఉద్యోగంలో ఎప్పుడు చేరాలి?

వీలైతే ఇల్లు చేరిన రోజుకూ పనిలో చేరే రోజుకూ మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచుకోవాలి. సెలవు ఒక రోజు తగ్గించుకునైనా. తిరిగి పనిలో చేరిన కొద్ది రోజుల్లోనే సెలవు హాయి కరిగిపోతుందని ఈ విషయంపై జరిగిన పరిశోధనల్లో పదేపదే కనిపించింది కాబట్టి, మొదటి రోజునే వందల ఈమెయిళ్ల మీద పడి దానిని ఇంకా ముందే కరిగించుకోవడంలో అర్థం లేదు. మొదటి రెండు రోజులు ముఖ్యమైన నిర్ణయాలు, జటిలమైన చర్చలు పెట్టుకోవద్దు. తప్పనిసరైతే మీరు చురుకుగా ఉండే వేళకు పెట్టుకోండి. పడమరగా వచ్చినవారికి అది ఉదయం, తూర్పుగా వచ్చినవారికి సాయంత్రం.

వాహనం విషయంలో రాజీ పడకండి. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. రాత్రి విమానం దిగి స్వయంగా కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్లడం ఈ లెక్కన తాగి నడపడానికి ఎంతో దూరంలో లేదు.

ఏ లక్షణాలు కనిపిస్తే వైద్యుని దగ్గరకు వెళ్లాలి?

మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లి వచ్చినవారికి జ్వరం వస్తే, అది సాధారణ జ్వరంలా కనిపించినా, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ప్రమాదకరమైన ఫాల్సిపేరమ్ రకం ఎక్కువగా మొదటి మూడు నెలల్లో బయటపడుతుంది, కొన్ని రకాలు ఏడాది తరువాత కూడా కనిపించవచ్చు. ఎక్కడెక్కడ తిరిగారో వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పాలి. ప్రయాణంలో కుక్క, కోతి, గబ్బిలం వంటి జంతువు కరిచినా, గీరినా, అప్పుడు పట్టించుకోకపోయినా, రోజులు గడిచిపోయాయని ఊరుకోకుండా రేబిస్ టీకా కోసం వెంటనే వెళ్లాలి. పైన చెప్పిన ఒంటికాలి వాపు, ఆయాసం, రక్త విరేచనాలు, వీటితో పాటు కళ్లు పచ్చబడటం, తగ్గని తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లతో కూడిన జ్వరం కూడా ఆగి చూడవలసినవి కావు.

రెండు వారాల్లో మళ్లీ బయలుదేరాలి. ఈలోగా తేరుకోగలనా?

తేరుకోవచ్చు, ఆ రెండు వారాల్లో మొదటిది పూర్తిగా కోలుకోవడానికే వదిలితే. రెండవ వారం మధ్యలో ఒకసారి చూసుకోండి: అలారం మోగకముందే దానంతట అదే మెలకువ వస్తోందా, భోజనం వేళకు ఆకలి వేస్తోందా, మధ్యాహ్నం కునుకు లేకుండా సాయంత్రం దాకా నిలబడగలుగుతున్నారా. మూడింటికీ అవునన్న జవాబు వస్తే నిశ్చింతగా బయలుదేరవచ్చు. రాకపోతే, ప్రయాణం వాయిదా వేయడానికి వీలుంటే వేయండి. వీలులేకపోతే చేరిన మొదటి రోజున పనులేవీ పెట్టుకోకుండా టికెట్టు ఒక రోజు ముందటి తేదీకి మార్చుకోండి. రెండు మూడు రోజుల్లో ముగిసే ప్రయాణమైతే అక్కడి వేళలకు మారే ప్రయత్నమే చేయకుండా ఇంటి వేళలకే నిద్రపోయి, వీలైతే సమావేశాలను కూడా ఆ వేళలకు తగ్గట్టు పెట్టించుకోవడం మేలు. తిరిగి వచ్చాక తేరుకునే పని అంతమేరకు తగ్గుతుంది.